రెండు గూళ్ల డబ్బీ

"కాకా, చెవులల్ల పెట్టుకునేటియి
రెండు గంటలకే సచ్చిపోతున్నయ్" అనుకుంట
నవనీత డబ్బీ తెచ్చి నా ముంగట పెట్టింది.
సబ్బుబిళ్లంత డబ్బీ. లోపల రెండు గూళ్లు.
గూటికొక్క గింజ.

నేను బొగ్గు తవ్వినోన్ని కాదు.
గోదావరిఖనిల, బాయి మీద,
ముప్పై ఒక్క ఏండ్లు ల్యాంప్ రూములనే చేసిన.
దిగెటోళ్ల నెత్తులకు వెలుగు కట్టి పంపిన.
అందుకే మా వాడకట్టుల
బ్యాటరీ అంటే ఓదెలు కాకనే.

నాకొచ్చిన చదువు ఒక్కటే: నిండ నింపుడు.
పాళి దిగొచ్చిన ల్యాంపును తుడిచి
కొక్కానికి తగిలేసి
ముల్లు ఆ కొసకు పోయేదాంక నింపుడు.
ఎనిమిది గంటల పనికి పన్నెండు గంటల వెలుగు.
పైకప్పు కూలిందనుకో,
ఆ మిగిలిన నాలుగు గంటలు
ఎవలకు కావాల్నో ఎవలకెరుక?

అదే చెప్పబోతే పోరి అడ్డం తగిలింది:
"రాత్రంత వైరుకే ఉంటది కాకా. నిండనే ఉంటది."

చౌరస్తాల జహీరుద్దీన్ కాడికి పోయిన.
మనుమని వయసు పిలగాడు,
కంటికి అద్దం బిగించుకొని
సచ్చిన గింజ నొకదాన్ని విప్పి చూపెట్టిండు.
శెనగ గింజంత సెల్లు. ఉబ్బి ఉన్నది.
"ఇది మీ సీసం, యాసిడ్ కాదు తాతా.
దీనికి నిండుడూ బరువే, ఎండుడూ బరువే.
నడిమిట్ల ఉంటెనే నాలుగు దినాలు బతుకుతది."

నా ముప్పై ఒక్క ఏండ్ల చదువు
ఆ బల్ల మీద బోర్ల పడ్డది.

ఇంటికొచ్చి పిల్లకు చెప్పిన,
పరాయోని పాఠం అప్పజెప్పినట్టు:
ఎనభై కాంగనే వైరు గుంజెయ్ బిడ్డా.
ఇరవైకి దిగనియ్యకు.
స్కూటీ డిక్కీల మర్చిపోకు,
మన ఎండకు అండ్ల అప్పడాలు కాలుతయ్.
సప్పుడు తక్కువ పెట్టుకో, చెవికీ దానికీ సుఖం.
నెలరోజులు వాడకపోతే సగం నింపి పక్కకు పెట్టు,
ఖాళీ కడుపుతోని పండవెట్టకు.
మంచిర్యాల బస్సుల నర్సు పాఠాలు ఇంటవు గద,
ఒక్క చెవికే పెట్టుకో.
దున్నేదొకటి, గూట్లె మేసేదొకటి. మార్చి మార్చి వాడు.

అన్నీ చెప్పిన గని
"సగం చాలు" అన్న మాట కాడ
నా నాలుక రెండుసార్లు తడబడ్డది.

ఆమెది రేకుల ఇల్లు. పగలంత పొయ్యే.
అందుకని డబ్బీని మా నీళ్లకుండ పక్కన పెట్టి పోతది.

మొన్న ఆమెకు నైట్ డ్యూటీ.
నాకు నిద్ర పట్టక, ఊరికెనే, మూత తీసిన.
ఒక గూట్లె గింజ ఉన్నది.
ఒక గూడు ఖాళీ.

నేను చెప్పిన ఉపాయమే అది. ఎరుకే.
అయినా చెయ్యి వణికింది.

పాళి ముగిసినంక ల్యాంప్ రూముల
ఒక్క కొక్కెం ఖాళీగ ఉన్నదంటే
ఒక్క మనిషి ఇంక కిందనే ఉన్నట్టు.
నూట పద్నాలుగు, రాజలింగు.
పదకొండు గంటలు ఆ కొక్కాన్నే చూసిన,
ఆయన ఇత్తడి బిల్ల నా అరచేతుల చెమట పట్టింది.
ల్యాంపు వెలుక్కుంటనే పైకొచ్చింది.
నేను నిండ నింపిందే.

మూత పెట్టలేదు. పండలేదు.
కుండ పక్కన పీట ఏసుకొని
ఖాళీ గూటికి కావలి కూసున్న.
బొగ్గు గూడ్సులు రెండు పోయినయ్. సైరన్ కూసింది.

పొద్దు పొడిచినంక నవనీత వచ్చింది,
ఎడమ చెవుల గింజ అట్లనే ఉన్నది.
"ఇంక మెలకువనే ఉన్నవా కాకా?"

తీసి గూట్లె పెట్టింది.
టిక్కుమని అతుక్కున్నది.

"ఎంతున్నది?"
"నలభై."

చాలు అనాల్నని ఎరుకే. నోరు రాలేదు.
మూత పెట్టి, అప్పుడు పండుకున్న.